పొలిమేర దాటిన చెయ్యి

మా ఊళ్ళో నాసరమ్మకి మొదట పుట్టిన ఇద్దరు బిడ్డల్నీ అమ్మోరు తీసుకపోయిందంట. మసూచినే మేం అమ్మోరు పోసిందంటాం, ఇప్పటోళ్ళకి తెలవదులే. మూడోది ఆడపిల్ల. ఇదన్నా దక్కాలని పుట్టంగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి, పెంటమ్మ అని పేరెట్టుకుంది. నవ్వమాకండి, అట్టాంటి పేరు పెడితే అమ్మోరి కన్ను పడదంట. సరే, ఆ పిల్లకి ఏడేళ్ళొచ్చినాక ఏమైందంటే, పక్కూళ్ళో అమ్మోరు పోసిందని తెలిసింది. మావోళ్ళు ఊరుకుంటారా? పొట్టేలుని కోసి, నెత్తుటన్నం ఊరిచుట్టూ పొలి చల్లి, పొలిమేర కట్టేశారు. కట్టినాక మూడు రోజులు లోపలోళ్ళు బయటికి పోకూడదు, బయటోళ్ళు లోపలికి రాకూడదు. సరిగ్గా అప్పుడే దిగాడనుకో టీకాలాయన, సైకిలుకి పెట్టె కట్టుకోని.

"ఆగక్కడే!" అని ఊరిపెద్ద లింగయ్య కర్ర అడ్డం పెట్టాడు. ఆయనేమో, అయ్యా, ఇయ్యాల పొడిపించుకోకపోతే రేపు పిల్లలు మిగలరు, నా మాటినండి అని బతిమాలతన్నాడు. ఈళ్ళేమో నువ్వు అడుగు లోపలబెడితే కట్టు తెగుద్ది, అమ్మోరు నీ ఎనకమాలే వొచ్చుద్ది అంటన్నారు. ఒకడు అది దూడ పుండులో రసమంటాడు, ఇంకొకడు అది పొడిస్తే పిల్లకాయలకి చెయ్యి పడిపోద్దంటాడు. చూసినోడు ఒక్కడూ లేడు, చెప్పేటోళ్ళు మాత్రం ఊరంతా. అట్టా పొద్దెక్కిందాకా అరుచుకుంటానే ఉన్నారనుకో. అప్పుడు నాసరమ్మ పిల్లని లాక్కొచ్చి, పొలి చల్లిన గీత కాడ కూర్చోబెట్టింది. "పెదనాయనా, నేను దాటను, ఆయన దాటడు. పిల్ల కూడా ఊళ్ళోనే కూర్చుంది. చెయ్యొకటే అవతల. పొలిమేర చేలో కంది కోసేటప్పుడు మన చేతులు అవతలి గట్టు మీదికి పోటంలా? అప్పుడు మనం ఊరు దాటినట్టా?" అనింది. లింగయ్య గడ్డం గోక్కుంటా కర్ర దించాడు. పెంటమ్మ కళ్ళు గట్టిగా మూసుకోని చెయ్యి చాపింది. దాని తర్వాత వాళ్ళమ్మ. అది చూసి ఇంకొక తల్లి, ఇంకొక తల్లి. గీత పొడుగునా చేతులే చేతులు. అవతల ఆయన ఎండలో మోకాళ్ళ మీద జరుగుతా పొడుచుకుంటా పోతన్నాడు.

నేను కూడా చాపా. తొమ్మిదేళ్ళు నాకు. ఆయన నా ముంజెయ్యి పట్టుకున్నాడు కూడా. మా నాయనమ్మ ఎనకనుంచొచ్చి ఒక్క లాగు లాగింది. "మా ఇంట్లో అమ్మోరికి ఎదురెళ్ళినోడు లేడు" అంది. ఆమెనేమనను పాపం, నా మీద ప్రేమతోనే లాగింది. పదిహేను రోజులు తిరక్కుండా అమ్మోరు మా ఇంటికే వొచ్చింది. ముందు నాయనమ్మ పోయింది. అమ్మకీ నాకూ వొళ్ళంతా పోసింది. నీళ్ళిచ్చే దిక్కు లేదు, చుట్టాలు వాకిలి కూడా తొక్కలా. తొక్కింది ఎవరంటే, టీకా పొడిపించుకున్న నాసరమ్మా, పెంటమ్మా. తల్లి మా అమ్మకి ఏపమండలతో ఇసిరేది, ఆ ఏడేళ్ళ పిల్ల నా పక్కన కూర్చోని రాగిజావ నోట్లో పోసేది. "నాకేం కాదులే, మింగు" అనేది. రెప్పలు అంటుకపోయి దాని మొహం కనపడేది కాదు, ఆ మాటొకటే ఇనపడేది. నలభై రోజులకి అమ్మా నేనూ లేచాం. నాకొక కన్ను పోయింది, మొహం ఇదుగో ఇట్టా అయింది. ఈడికి పిల్లనెవరిస్తారు అన్నారు ఊళ్ళో. నాసరమ్మే ఇచ్చింది. పెంటమ్మ ఇష్టపడే చేసుకుంది నన్ను, ఇప్పుడు రోజూ తిడతందనుకో, అది వేరే సంగతి. ఆ తల్లీబిడ్డలకి నేను పొద్దున్నే లేచి దండం పెట్టుకుంటా. ఆ సైకిలాయనక్కూడా. పేరు తెలవదు, ఏ ఊరో తెలవదు, అయినా పెట్టుకుంటా. రాసుకుంటన్నావా? ఆ ముక్క కూడా రాసుకో.

రేపు నర్సమ్మ వొస్తదంట, పసోళ్ళకి సూదులెయ్యటానికి. మా మనవడు ఫోన్లో ఏందో చూసి, వాడి బిడ్డకి వొద్దంటన్నాడు. నేను వాదించలా. బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకోని, "వాడి మొహం చూడు, నా మొహం చూడు, తర్వాత నీ ఇష్టం" అన్నా. మనవడు బిడ్డని ఎత్తుకోని, "పొద్దున్నే తీసుకపోతాలే తాతా" అన్నాడు. మీ ఇళ్ళల్లో కూడా ఎవరన్నా వొద్దంటే నా కాడికి తోలండి. ఈ మొహానికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.