హెస్సాకు అరబ్బీ రాదు

1990 సెప్టెంబరు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇల్లు. పనిమనిషి మద్దమ్మ ఊరికి పోవడానికి సంచి సర్దుతోంది. పక్కనే ఆ ఇంటి తొమ్మిదేళ్ల పాప హెస్సా.

“హెస్సమ్మా, చీర మళ్లీ బయటికి తీసినావా? ఇది మూడోసారి.”

“నేను కాదు, నా చెయ్యి. ఆపరేషన్ అయినప్పట్నుంచి వణుకుతాది కదా.”

“వణికే చెయ్యి చీరను మంచం కింద దాచిపెట్టిందా?”

“తెలివైన చెయ్యి.”

“యల్లా, ఇటియ్యి. రేపు పొద్దున్నే ఫర్వానియాలో బస్సు. ఇరాక్ దాటి జోర్డాన్ పోతే, ఆడ ఇండియా విమానం. నేను బస్సెక్కే లోపల నువ్వు రెండు మాటలు నేర్చుకోవాల. నీళ్లకు మాయ్. తల నొస్తే రాసీ. ఏదీ, చెప్పు.”

“రాదు.”

“అరబ్బీ మీ భాషే కదే! మీయమ్మ మాట అర్థమయితాది కదా?”

“చెవిలోకి పోతాది. నోట్లోంచి నీ తెలుగే వస్తాది.”

“అదే నా కర్మ. తలలో గడ్డ తీసినాక అయిదు నెలలు నోరు తెరవకపోతివి. తెరిచిన పొద్దు అంత పెద్ద డాక్టర్ని పట్టుకొని ఏమన్నావు?”

“గమ్మునుండు అన్నా.”

“మీయమ్మ ఏడ్చుకుంటా అడిగింది, పాప ఏమంటాందని. దేవుడు చల్లగా చూడాల అంటాంది అని చెప్పినా.”

“అబద్ధం!”

“ఇంకేం చెప్పేది? నవ్వింది చాల్లే, ఇటు చూడు. నీ తలలో గొట్టం పెట్టినారు కదా. అది మూసుకపోతే తల నొస్తాది. ఆ పొద్దే ఆస్పత్రికి తీసకపోవాల. నేను లేనప్పుడు తల నొస్తాందని నువ్వంటే ఈ ఇంట్లో ఎవరికి తెలుస్తాది?”

“తల పట్టుకొని చూపిస్తా.”

“నువ్వు రోజుకు పదిసార్లు తల పట్టుకుంటావు. ఎవరు నమ్ముతారు?”

“అయితే పోవద్దు.”

“…సరే, పోను. ఇదో, సంచి బోర్లించినా. చాలా?”

“చాలు. మద్దమ్మా, నీ కూతురు అరుణజ్యోతికి ఎన్నేండ్లు?”

“నీకంటే రెండు నెలలు పెద్ద.”

“దానికి తల నొస్తే ఎవరికి చెప్తాది?”

“రాయచోట్లో వాళ్లవ్వకు. నాకు చెప్పి నాలుగేండ్లయింది.”

“ఊ.”

“ఏందే, ఊ అంటావు?”

“యుమ్మా! రాసీ! యుమ్మా, రాసీ!”

“అయ్యో, మీయమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తాంది! మాఫీ ముష్కిల్, మేడమ్, ఏం కాలేదు! హెస్సా, నిజంగా నొస్తాందా?”

“లేదు. మాయ్ కూడా వచ్చు. అన్నం, తలుపు, భయం, అన్నీ వచ్చు.”

“ఎప్పట్నుంచే, దొంగపిల్లా?”

“రంజాన్ నుంచి. చెప్తే నిన్ను లీవు మీద పంపిస్తారని చెప్పలే.”

“మరి ఇప్పుడెందుకు చెప్పినావు?”

“యల్లా, సర్దుకో. అరుణజ్యోతి చూస్తాంటాది.”

“యుద్ధం అయిపోతానే వస్తా తల్లీ.”

“ఒట్టు?”

“ఒట్టు.”

1991 ఆగస్టు. యుద్ధం ముగిసి ఆరు నెలలు కావస్తోంది. అదే ఇంటి గేటు. మద్దమ్మ, పక్కింటి డ్రైవరు బాలసుబ్బయ్య.

“బాలసుబ్బన్నా, ఫర్వానియాలో వేరే కఫీల్ ఇంట్లో పనికి చేరినా. శుక్రవారం కదా, పాపను చూసిపోదామని వచ్చినా. గేటుకు ఇంత తాళమేసినారే, షికారు పోయినారా?”

“మద్దమ్మా, నీకెవరూ చెప్పలేదా? పోయినేడు అక్టోబరు ఆరున సౌదీకి పారిపోదామని కారెక్కినారు. ఆ కారు సౌదీ చేరలేదంట. హెస్సా రాలేదు. వాళ్లమ్మా రాలేదు.”