మోటారు తిరగకూడని రోజు

తాడేపల్లిగూడెం క్యాంపస్‌లో ఇందుజ ఫోను చెవికి అదిమిపట్టుకుని కూర్చుంది. అవతల, పెదపాడు దగ్గర చేపల చెరువు గట్టు మీది ఇంట్లో అచ్చమ్మ. భూమి అయస్కాంత శక్తిలో వచ్చే చిన్న మార్పునైనా గీతగా గీసే ఇందుజ పరిశోధన మిషను ఆ ఇంటి వెనక గదిలోనే ఉంది.

“...లైటు చూడండి పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. పచ్చగా ఉందా, ఆరిపోయిందా?”

“పచ్చగానే ఉందమ్మా.”

“నిజంగా చూశారా? తెల్లారినుంచీ నా స్క్రీన్ మీదకి ఏమీ రావట్లేదండీ.”

“ఎదురుగానే కూర్చున్నానమ్మా.”

“హమ్మయ్య. అయితే నెట్టే పోయినట్టుంది, మిషన్లో మాత్రం రికార్డవుతూనే ఉంటుంది. బాబాయ్‌గారికి చెప్పాను కదండీ, ఉత్తర ధ్రువం దగ్గర ఆకాశంలో రంగుల వెలుగులొస్తున్నాయని? అక్కడ పైన పుట్టే విద్యుత్ క్షేత్రం మన కొల్లేరు నెత్తి మీద దాకా పాకుతుంది. దాని జాడ ఈ గీతలోనే దొరకాలి. ఇన్నేళ్ళూ దీనికోసమే కాచుక్కూర్చున్నాను. ఇదీ పోతే నా చదువు గంగలో కలిసినట్టే.”

“పోదులేమ్మా.”

“ఏంటండీ ఆ గోల? అంతమంది ఎవరు?”

“మన చర్చివాళ్ళే. పాటలు పాడుతున్నారు.”

“ప్రార్థన కూటమా? ఇవాళేనా! పిన్నిగారూ, బైకులు...”

“గట్టు అవతలే ఆపించాం. అందరూ నడిచే వచ్చారు.”

“ఫ్యాన్లు?”

“కట్టేశాం. విసనకర్రలతో విసురుకుంటున్నారు.”

“ఫ్రిజ్జు?”

“నిన్న సాయంత్రమే మీ బాబాయ్‌గారు ఆపేశారు. కూర పాడైపోద్దంటే, ‘ఆ పిల్ల గీత పాడవకూడదే’ అని నా మీద కేకలేశారు.”

“ఆయనున్నారనే నా ధైర్యమంతా. ఒక్క మోటారు దగ్గర్లో తిరిగినా ఆ గీత చెడిపోతుందండీ. ఒక్కసారి బాబాయ్‌గారికివ్వండి ఫోను.”

“ఆయన... పడుకున్నారమ్మా.”

“ఈ వేళప్పుడా? లేపండి పిన్నిగారూ. మధ్యాహ్నం దాకా కాపలా ఉంటానన్నారు.”

“నేనున్నాగా. నేను చూస్తాను.”

“మీరు కాదండీ, ఆయనైతేనే అందరూ వింటారు. ఇక్కడ నా ప్రాణం పోతోంది, ఆయనకి నిద్రేంటండీ!”

“అట్టా అనకమ్మా.”

“ఏడుస్తున్నారా? పిన్నిగారూ? ఏమైందండీ?”

“నీ పనయ్యాక చెబుదామనుకున్నాను. రాత్రి గుండెల్లో నొప్పన్నారు. ఆసుపత్రికి బయల్దేరేలోపే...”

“అయ్యో! బాబాయ్‌గారా? అయ్యో, నేనేం వాగానండీ! ఆపేయండి. ఆ మిషను ఆపేయండి పిన్నిగారూ, ఫ్యాన్లు వేసుకోండి. నాకేమీ వద్దు.”

“ఇప్పుడాపితే ఎట్టాగమ్మా? మా అమ్మాయి మెర్సీ వచ్చేదాకా ఆయన్ని ఉంచాలి కదా అని ఏలూరు నుంచి ఫ్రీజరు పెట్టె తెచ్చారు. దానికీ మోటారుంటుందన్నారు. వాకిట్లోంచే వెనక్కి పంపేసి, మీ బాబాయ్‌గార్ని చేపలకేసే ఐసులో పడుకోబెట్టాం.”