ఎలుగుబంటి అడిగిన ఎండుచేప

బేబికి అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే, తన ఆరేళ్ల కూతురు పూలమతికి బుర్ర ఎదగలేదేమోనని. బడిలో పంతులమ్మ జోకు చెబితే పిల్లలంతా నవ్వారట, పూలమతి ఒక్కతే గుడ్లప్పగించి చూసిందట. కాఫీ పళ్లు ఆరబోస్తూ ఆ సంగతి చిన్న ఆడపడుచుతో చెప్పుకుంది. ఆ పిల్ల విశాఖలో భాషాశాస్త్రం చదువుతోంది.

"ఏటా జోకు, వదినా?"

"ఏనుగు లిఫ్టెక్కితే లిఫ్టు ఏడ్సిందట."

"నీ గుంట, పూలమతి, ఎప్పుడైనా లిఫ్టు సూసిందా?"

"నేనే సూళ్లేదు."

"మరింకేటి? జోకంటే మన మనసు ఒక దారిన పోతంటే, మాటొచ్చి టక్కున ఇంకో దారికి లాగీడమే. మా పుస్తకాల్లో ఇదే ఉంటాది. అసలు దారే తెలీని పిల్లకి మలుపేటి తెలుస్తాది?"

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావు."

"అయితే దానికి తెలిసిందే సెప్పి సూడు."

బేబి పక్కనే ఆడుకుంటున్న కూతురి వైపు తిరిగింది. "ఒలే పూలమతీ! ఎలుగుబంటి జీలుగు చెట్టెక్కి కల్లంతా తాగీసింది. దిగి తిన్నగా మీ తాత మీదికే వచ్చింది. వచ్చి..."

"కరిసీసిందా?"

"నంజుకోడానికి ఎండుచేప ఉందా అనడిగింది."

పిల్ల ఆరబోసిన కాఫీ పళ్ల మీదే పడి దొర్లి దొర్లి నవ్వింది. "తాత దానికేటి పెడతాడమ్మా? నాకే పెట్టడు!"

"విన్నావా వదినా? నీ జోకు మీద జోకేసింది!"

బేబి కళ్లు తుడుచుకుంది, పళ్లు తొక్కేసిందని కూతుర్ని కసిరింది కూడా. కానీ తల్లి ప్రాణం కదా, సోమవారం బడి అనగానే మళ్లీ పీకుతోంది. టైడాలో రైలు దిగేవాళ్లెవరైనా ఉంటే, కాస్త ఆ కొండ మీది బడి దాకా వెళ్లి, పూలమతి నవ్వుతోందో లేదో చూసి రండి బాబూ.