పన్నెండో జత కాళ్లు

సీమోనయ్యని మీరు చూళ్లేదుగానీ, చూస్తే మీరే లేచి నిలబడేవోళ్లు. తెల్లపంచె, తెల్లచొక్కా, నడుస్తుంటే ఇస్త్రీ మడత నలగదంట, అట్టాంటి మనిషి. కాలవకట్ట పల్లెలో సంఘపెద్ద. పాస్టరు అయ్యగారు నాలుగూళ్లు చూసుకోవాలి గదా, ఆదివారం వస్తాడు, వాక్యం చెప్తాడు, సైకిలెక్కి పోతాడు. మిగతా ఆర్రోజులూ చర్చి సీమోనయ్యదే అనుకో. ఆయనకి పరిశుద్ధత అంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, మగాళ్ల చాపకీ ఆడాళ్ల చాపకీ మధ్య ఎంత సందుందో కర్ర పెట్టి కొలిచేవోడంట. అదీ చాలక ఒకరోజు అట్టముక్క మీద నల్లరంగుతో రాసి గుమ్మం పక్కన మేకు కొట్టాడు. ఏమని? చర్చి ఆవరణలో ఆడా మగా ఒకర్నొకరు తాకకూడదు, తాకినోళ్లు మూడు నెలలు ప్రభువు బల్లకి దూరం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు అని. ఆ మేకు కొట్టేటప్పుడు స్టూలు పట్టుకుంది ఆయన భార్య తబితమ్మ. దిగేటప్పుడు ఆమె భుజమ్మీద చెయ్యేసే దిగాడంట. నవ్వుతారేంది, రంగింకా ఆరలా గదా, అందుకని ఆ తాకడం లెక్కలోకి రాలా.

ఆ తబితమ్మ కథే ఇది. నోరున్న మనిషేగానీ ఆ ఇంట్లో ఆ నోటికి పని తక్కువ. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఏ మాట చెప్పినా ఆయన జవాబు ఒకటే, "కూరొడ్డించు". పొలం కౌలుకిద్దామంటే కూరొడ్డించు, మోకాలు నొప్పిగా ఉందంటే కూరొడ్డించు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కొట్టనోడు మంచోడే గదా మన లెక్కలో.

సరే, ఏమైందంటే, ఆ ఊళ్లో ఏలియా అని కుర్రోడికి కొత్తగా పెళ్లైంది. పిల్ల పేరు సువార్త, ఏటవతల ఊరు. ఒక ఆదివారం పెళ్లాన్ని సైకిలు వెనకాల ఎక్కించుకుని చర్చికి తీసుకొచ్చాడు. ఆవరణలో కొత్తగా కంకర పోశారు. చక్రం సర్రున జారింది. పడిపోతానేమోనని పిల్ల మొగుడి నడుం గట్టిగా పట్టుకుంది. ఎవరైనా పట్టుకోరా? నేనైతే అయ్యగారి నడుమైనా పట్టుకుంటా. గుమ్మంలో సీమోనయ్య ఉన్నాడు. వేలెత్తి అట్ట చూపించాడంతే. ఇద్దరికీ మూడు నెలలు. ఏలియా అరిచాడు, ఆయన కదల్లేదు. మగపిల్లోడు మర్చిపోతాడు, ఆ పిల్ల ఎట్టా మర్చిపోద్ది? వచ్చే నెల్లో మంచి శుక్రవారం. ముందురోజు గురువారం బల్లకి వాళ్లమ్మ ఏరు దాటి వస్తానని కబురంపింది, కూతురి పక్కన కూర్చుని రొట్టె తీసుకుంటానని. ఇప్పుడు వస్తే ఏం చూస్తది? కూతురు వరండాలో కూర్చోడం చూస్తది. పెళ్లై రెండు నెలలు కాకుండానే బల్ల తప్పించారంటే, ఏటవతల ఊళ్లో ఏమనుకుంటారు? సైకిలు జారిందని అనుకుంటారా? తబితమ్మ ఊళ్లో కుర్రాళ్లందరికీ వరసకి అత్త, పిల్ల ఆమె దగ్గరకొచ్చి, నేనేం పాడుపని చేశానత్తా అని ఒకటే ఏడుపు. ఆ పూట తబితమ్మ మొగుడితో, దాన్ని కట్టుకున్నోణ్నే గదయ్యా అది పట్టుకుంది, వదిలెయ్యరాదా అంది. ఆయన, పరిశుద్ధ స్థలంలో చుట్టరికాలు ఉండవు, కూరొడ్డించు అన్నాడు. ఒడ్డించింది.

ఇప్పుడు గురువారం సంగతి చెప్తా. మీకు తెలిసిందే, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు గదా, ఆ రోజు మనోళ్లూ కడుగుతారు. ఆ ఊళ్లో అయ్యగారు కాదు, సంఘపెద్ద కడుగుతాడు, అది వాళ్ల ఆనవాయితీ. పన్నెండు మంది వరసగా కుర్చీల్లో కూర్చోవాలి, ఆయన తువ్వాలు కట్టుకుని వంగాలి. సీమోనయ్యకి ఏడాది మొత్తంలో వంగే రోజు అదొక్కటే. దానికీ ఒక షరతు పెట్టాడు, కూర్చునేవాళ్లు ముందే ఇంట్లో కాళ్లు శుభ్రంగా తోముకుని రావాలని. కాళ్లు కడిగించుకోడానికి కాళ్లు కడుక్కుని రావాలంట, ఇనండి. ఆ తోమే పని వాళ్ల పెళ్లాలది. నీళ్లు మోసే పని తబితమ్మది.

పల్లె చిన్నది. బాప్తీసం తీసుకున్న మగాళ్లు పెద్దాయన్ని పక్కనబెడితే సరిగ్గా పన్నెండు మంది. పొద్దుగూకక ముందే అయ్యగారొచ్చాడు, పాట పాడారు, కుర్చీలేశారు. చూస్తే పదకొండు మందే. పన్నెండోవాడు ఏలియా. బల్లకి దూరమైనోడు ఇక్కడెట్టా కూర్చుంటాడు? వరండాలో పెళ్లాంతో, ఏరు దాటొచ్చిన పిల్లనిచ్చిన అత్తతో నిలబడున్నాడు. తను గీసిన గీత తన కాళ్లకే అడ్డం పడుద్దని సీమోనయ్య అనుకోలా. అయ్యగారికి ఇంకో ఊరెళ్లాలని తొందర. పన్నెండు కావాల గదా, బాప్తీసం తీసుకున్నోళ్లు ఇంకెవరూ లేరా అని అడిగాడు. బోరింగు కాణ్నుంచి అప్పుడే ఆఖరి బకెట్టు తెచ్చిన తబితమ్మ, దాన్ని కింద పెట్టి, తిన్నగా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. అయ్యగారు, ఏంటమ్మా ఇది అన్నాడు. నాకు బాప్తీసమిచ్చింది మీరే గదయ్యగారూ, అప్పుడు నేను మగోణ్నా అంది. ఆయన, ఇంక కానియ్యి సీమోనయ్యా అన్నాడు.

ఆమె కాళ్లా? చీలమండల దాకా బురద, మడమల్నిండా పగుళ్లు. తోమేవాళ్లెవరున్నారు ఆమెకి? సీమోనయ్య నీళ్లు తీసుకుని చెయ్యి చాపాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఆగు. తాకితే మూడు నెలలు. రాసింది నువ్వే."

తాకితే బల్ల పోద్ది, తాకకపోతే ఆరాధన ఆగుద్ది. ఊరంతా చూస్తంది. పళ్లు బిగబట్టి, మెల్లగా, "కట్టుకున్నదాన్ని తాకితే తప్పెట్టా అవుద్దే?" అన్నాడు.

"అదే మాట గట్టిగా అను," అంది తబితమ్మ. "వరండాలో ఆ పిల్లకి వినబడాల. వాళ్లమ్మకి కూడా."

అయ్యగారు దగ్గొచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడంట. సీమోనయ్య తలొంచుకుని అన్నాడు. వినబళ్లేదంది. రెండోసారి అన్నాడు, కాలవకట్ట దాకా వినబడింది. అయ్యగారు వెళ్లి అట్ట పీకి, ఏలియానీ సువార్తనీ లోపలికి రమ్మన్నాడు. వాడొచ్చేసరికి తబితమ్మ లేవబోయింది. మా మేనత్త ఆ రోజు రెండో చాపలో ఉంది, ఆమె చెప్పిన మాటే ఇది. ఏలియా, నువ్వు కూర్చోత్తా అన్నాడంట. సీమోనయ్య కడిగాడు. చేతకాక సగం నీళ్లు పంచె మీదే పోసుకున్నాడు. ఇట్టా పగిలాయేంది అన్నాడంట, ఇప్పుడే పగిలినట్టు. తబితమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ పూట సువార్త వాళ్లమ్మ పక్కన కూర్చుని రొట్టె తీసుకుంది.

మీరిప్పుడు, ఆయన మారాడా అని అడుగుతారు. మారాడనే చెప్పుకుంటాడు. ఆ వచ్చిన ఆదివారం, ఈస్టరు పండగపూట, సాక్ష్యం చెప్తానని లేచాడు. గురువారం దేవుడు నాతో మాట్లాడాడు, అట్ట తీసెయ్యమన్నాడు అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడంట. అబద్ధమని నేననను. దేవుడు మాట్లాడే ఉంటాడు. కాకపోతే ఎవరి నోటితో మాట్లాడాడో అదొక్కటీ చెప్పలా ఆయన. ఆడాళ్ల చాపలోంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అంది మాత్రం తబితమ్మేనంట.