గోరువెచ్చని నొప్పులు

ఆస్పత్రి వెనక గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో, ఛాతీలోతున నిలబడి ఆమె కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతోంది. మోకాళ్ళ నొప్పి పుణ్యమా అని కొన్నాళ్ళుగా ఇంట్లో వంటంతా మొగుడిదే. రోజూ తువ్వాలు పట్టుకుని గట్టుమీద కూర్చునే ఆ మనిషి ఇవాళ కమ్మీ పట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దిగాడు.

"ఇదేంటండీ, మీరు దిగారు?"

"నడుం పట్టేసింది. డాక్టరు నన్నూ దిగమన్నాడు. ఇకమీదట పొయ్యి దగ్గర నిలబడకూడదట."

ఆమె ఎత్తిన కాలు గభాలున దించేసింది.

"పొయ్యికీ నడుముకీ ఏం సంబంధమండీ?"

"నీ మోకాళ్ళకి ఉన్న సంబంధమే అయ్యుంటుంది."

"నా బాధ మీకు వేళాకోళంగా ఉందా? నీళ్ళలో ఉన్నంతసేపే నాకు హాయి. బయటికొస్తే ప్రాణం పోతుంది."

"పాపం! అందుకేనా, నిన్న నేను స్నానానికెళ్ళగానే స్టూలెక్కి పైఅర డబ్బాలన్నీ సర్దావు?"

"ఉప్పు పక్కన సబ్బుపొడి పెడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ఆ మంటలో నొప్పి తెలియలేదు."

"అట్లాగా!"

"ఇంతకీ మీకీ నడుంనొప్పి ఎప్పట్నుంచి?"

"నీ మోకాళ్ళ నొప్పి తగ్గిన దగ్గర్నుంచి."

ఆమె మెట్లవైపు చూసింది. అతనూ చూశాడు. సులువుగా ఎక్కినవాళ్ళే రాత్రికి వంట చెయ్యాలని ఇద్దరికీ తెలుసు. నీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడుతున్నాయి.

"వేళయింది. ముందు మీరెక్కండి."

"ఎంతమాట! నొప్పిలో పెద్దదానివి, నువ్వుండగానా?"