ఐదో నంబరు ఎవరిది

ఏమిటే, మీ నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోయాడా? గోడ మాట ఎత్తితే చాలు, ముప్పై ఏళ్ళుగా వాడిది అదే వరస. గోడ అంటే నా తమ్ముడే, మీ నాన్నకి మేనమామ, నీకు తాత. నువ్వు పుట్టకముందే పోయాడులే. సరే, కూర్చో. ముందు ఆ మందుల డబ్బా ఇటియ్యి. ఏది చెప్పినా బల్ల మీద పెట్టి చూపిస్తే గానీ నాకు చెప్పినట్టుండదు, అయిదో తరగతికి అన్నేళ్ళూ అలాగే చెప్పాను మరి. ఇదిగో, ఈ తెల్ల బిళ్ళలు సబ్బుల కంపెనీ ఫుట్‌బాల్ టీము. ఈ కళ్ళజోడు పెట్టె మన గోలు. దాని ముందు గోలీ, అంటే గోలు కాసేవాడు. గోలీ ముందు, నట్టనడుమ, ఈ పెద్ద పసుపు బిళ్ళ. ఇదే ఐదో నంబరు, మా వాడు. ఇది నేను సాయంత్రం టీ తాగాక వేసుకోవాలి, కాస్త గుర్తుచెయ్యి.

పదిహేడో ఏట కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాడు. "ఒరేయ్, నీ దగ్గర స్నానం చేసిన వాసనే గానీ చేసిన దాఖలా లేదురా" అనేది మా అమ్మ. పదహారేళ్ళు ఆడాడు. కాదు, మోకాలు పోయిన ఏడాది తీసేస్తే పదిహేను. ఆగు, మీ నాన్న పుట్టినప్పటికి వీడికి... సరే, పోనీ. గోలు కొట్టాడా అంటే కొట్టాడు, ఒకే ఒక్కటి, అదీ మన గోల్లోనే! అందరూ బంతి వెనక పరిగెడితే వీడు మాత్రం నిలబడేవాడు. "నేనెందుకు పరిగెత్తాలక్కా, రావాల్సింది అదే కదా" అనేవాడు. నిజంగానే వచ్చేది. ఎదుటివాళ్ళు వచ్చి వీడికి కొట్టుకుని కిందపడి, లేచి, వీడికే సారీ చెప్పి పోయేవాళ్ళు. అందుకే గోడ అన్నారు. వానలో తడిస్తే ఆ తోలుబంతి రాయిలా ఉండేది, దాన్నీ నుదుటితోనే కొట్టేవాడు. ఇది గుర్తుపెట్టుకో, తరవాత పనికొస్తుంది. పనికొస్తుందో లేదో నాకూ తెలీదనుకో.

మోకాలు పోయాక కంపెనీ వాళ్ళు టీముకి మేనేజర్ని చేశారు. గీత అవతల కుర్చీ వేస్తే కూర్చుంటాడా? లోపల ఎవడో బంతికి అడ్డం వెళ్తుంటే ఇక్కడ వీడి కాలు లేచేది. నీళ్ళ క్యాను ఎన్నిసార్లు తన్నాడో! ఐదో నంబరు ఎవరు ఆడినా వాడి ప్రాణం తీసేవాడు. "అక్కడ కాదురా, నా చోట నిలబడు, నా చోట!" అని ఒకటే అరుపు. అలా కొన్నేళ్ళు గడిచాక మీ నాన్న వచ్చాడు టీములోకి, పందొమ్మిదేళ్ళవాడు, అదే చోటికి. మేనల్లుడని వదిలాడా? అందరూ పది చుట్లు పరిగెడితే వీడితో ఇరవై. మీ నాన్న ఇంటికొచ్చి "అమ్మా, మావయ్య నన్ను చంపుతున్నాడు" అనేవాడు. ఆ మావయ్యేమో నా వంటింట్లో నిలబడి, "నీ కొడుకు నాకన్నా బాగా నిలబడతాడక్కా. వాడితో అనకు, నెత్తికెక్కుతుంది" అనేవాడు. నేను అనలేదు. అదిగో, అక్కడ మొదలైంది నా అనకపోవడం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. మ్యాచికి ముందు టీము జాబితా ఇవ్వాలి. పదకొండు పేర్లు, కింద మారుగా దిగేవాళ్ళవి రెండు, ఆ కింద మేనేజర్ సంతకం. రెఫరీ చేతిలో పడ్డాక అందులో చుక్క కూడా మార్చకూడదు. వాడి దస్తూరి వాడికే అర్థం కాదు గనక ముందు రోజు నా దగ్గరికొచ్చేవాడు, వాడు చెప్తే నేను రాసేదాన్ని. ఒకరోజు ఏడో పేరు దగ్గర ఆగిపోయాడు. "వాడేనక్కా, పొడుగ్గా ఉంటాడు, వాళ్ళమ్మ నర్సు..." అన్నాడు. నేనే పేరు అందించాను. తరవాతి మ్యాచికి రెండు పేర్లు, ఆ తరవాత నాలుగు. చివరికి ఖాళీలు పూరింపుము లాగా అయిపోయింది, వాడు గుర్తులు చెప్పడం, నేను పేరు రాయడం. డాక్టరుకి చూపిద్దాంరా అన్నాను. "ఎవరితోనూ అనకక్కా, కంగారు పడతారు" అన్నాడు. ఆ పని పోతే వాడికి ఇంకేముంది చెప్పు? పరీక్షలో ఎవడి చేతిలో స్లిప్పున్నా ఇట్టే పట్టుకునేదాన్ని, మా వాడికి మాత్రం నేనే స్లిప్పులు రాసిచ్చాను.

ఇక ఫైనలు. ఆ వారం నన్ను వేరే ఊరు వేశారు పేపర్లు దిద్దడానికి. జాబితా వాడే రాసుకున్నాడు. ఆ రోజు పెద్ద క్లబ్బు నుంచి ఒకాయన ప్రత్యేకం మీ నాన్న ఆట చూడటానికే వచ్చాడు. నచ్చితే తీసుకెళ్తాడన్నమాట. బట్టలు మార్చుకునే గదిలో కెప్టెన్ జాబితా నకలు చదివాడు. ఐదో నంబరు దగ్గర మేనేజర్ పేరు. మీ నాన్న పేరు పైనా లేదు, కిందా లేదు. ముందు అందరూ నవ్వారట, "ఏం సార్, మీరు దిగుతారా?" అని. మా వాడు సంచీ విప్పి పాత బూట్లు తీశాడు. పాలిష్ చేసి, కొత్త లేసులు కట్టి ఉన్నాయి. అప్పుడు ఒక్కరూ నవ్వలేదు. రెఫరీ దగ్గరికి పరిగెత్తితే, రాసినవాడు దిగాలి, లేదా మారుగా రాసినవాడు దిగాలి, అంతే అన్నాడు. మారుగా రాసిన ఇద్దర్లో ఒకడు, పొట్టి టైలరు, దిగాడు. వాడు ముందు వరసలో ఆడే రకం పాపం, బంతి ఎటుపోతే అటు పోయాడు. ఇదిగో, ఇక్కడ ఖాళీ అయింది చూడు, ఇందులోంచే వచ్చింది గోలు. ఒక్కటే. క్లబ్బాయన సగం ఆటకే లేచి వెళ్ళిపోయాడట. మీ నాన్న ఆ బెంచీ మీద చివరిదాకా కూర్చున్నాడు.

రెండు రోజులకి నేనొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట, "మేనల్లుడు పైకొస్తుంటే ఓర్వలేకపోయాడు" అని. మీ నాన్నా అదే అన్నాడు. నేను వెళ్ళి అడిగాను, "ఎందుకు రాశావురా?" అని. మా వాడు నా మొహం కేసి వింతగా చూసి, "ఐదో నంబరు ఇంకెవరిదక్కా?" అన్నాడు. అంతే. ఇప్పుడు నువ్వు చెప్పు, అది మరుపా, గీరా? మరుపే అయితే మిగతా పన్నెండు పేర్లూ తప్పు లేకుండా ఎలా రాశాడు? నర్సు కొడుకు పేరుతో సహా! పోనీ ఓర్వలేకే అనుకుందామంటే, నా వంటింట్లో అన్న ఆ మాటో? ఒకరోజు ఇది అనిపిస్తుంది, ఒకరోజు అది. మీ నాన్నకి మాత్రం ఒక్కటే తెలుసు, ఎందుకంటే ఆ స్లిప్పుల సంగతి నేను వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు. మొదట తమ్ముడు బతిమాలాడని చెప్పలేదు. రెండేళ్ళకి వాడు పోయాడు, పోయినవాడి మాట ఎందుకులే అని చెప్పలేదు. అదీ కాదులే, నీ దగ్గర దాపరికం ఎందుకు? "నీకు ముందే తెలుసా అమ్మా?" అని వాడు అడిగితే నేనేం చెప్పను?

ఏమిటి, అలా బల్ల కేసి చూస్తున్నావు? గోలు ముందు... ఐదో నంబరు ఏదీ? పసుపు బిళ్ళ? ఇక్కడే కదా పెట్టాను. టీ తాగామా మనం? గ్లాసు ఖాళీగానే ఉందే. నేను వేసుకున్నానా? నువ్వు చూశావా? కిందేమన్నా పడిందేమో వెతుకు. మీ నాన్నతో మాత్రం అనకు, కంగారు ప...

ఏమన్నాను నేను?

లే, మీ నాన్నని పిలువు. బిళ్ళలు తియ్యకు, అలాగే ఉండనీ.