సోమవారం మౌనం

1978 కార్తిక సోమవారం, రాత్రి ఎనిమిది దాటింది. అమలాపురంలో ఒక ఆసుపత్రి వరండాలో డాక్టరు, వేదం చెప్పే ఘనపాఠీ గారి భార్యతో మాట్లాడుతున్నాడు; ఘనపాఠీ గారు లోపల మంచం మీదున్నారు.

"మాట ఎప్పుడు పడిపోయిందండీ?"

"పొద్దున్న స్నానం చేసొచ్చినప్పట్నించీ మాట్లాడలేదు బాబూ."

"మరి ఇంతసేపు ఎందుకు ఆగేరు?"

"కార్తిక సోమవారాలు నక్షత్రం కనబడేదాకా ఆయనకి మౌనమండి. నక్షత్రం వచ్చినా మాట్లాడలేదు."

"కుడిచెయ్యి కదలకపోవడం చూళ్ళేదా?"

"ఉత్తరీయం కింద ఉంది. జపం చేసుకుంటున్నారనుకున్నాను."

"రక్తనాళం మూసుకుపోయి మెదడు దెబ్బతిందమ్మా. ఇక మాట రావడం కష్టం."

"పొద్దున్నే తెచ్చుంటే?"

"అప్పుడైనా అంతేనండి. మెదడుని కాపాడే మందు ఇంకా పుట్టలేదు."

"నా ఓదార్పుకి చెబుతున్నారు."

"నిజమేనండి."

"ఎడంచేత్తో వీధి తలుపుకేసి మూడుసార్లు చూపించేరు బాబూ. జపానికి వీధి గోల వినబడకుండా తలుపు వెయ్యమంటున్నారనుకుని, గడియ కూడా పెట్టేను."